బేగిని ఇచ్చేసిన వేసవి

మధ్యాహ్నం భోజనాల గదిలో నా పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని వాదించుకుంటున్నారు. మా మధురవాడ ఆఫీసులో ఈ ఏడే చేరినవాళ్ళు. వింత జంతువుల్ని పెంచి, ఒకదాని మీదికి ఒకదాన్ని దింపి పోరాడించే ఆట ఏదో ఆడుతున్నారు.

"స్పీడంతా దీనికే పెట్టేసాను బావా. అయినా ఒక్క దెబ్బకే పడిపోతంది. ఏటి సెయ్యమంటావు?" అంటున్నాడు ఒకడు.

పెరుగన్నం కలుపుకుంటూనే నేను అనేశాను. "దాన్ని ముందు దింపకు. నీదొకటి పడిపోయాక, ఖాళీ అయిన చోట దింపు. ఒక్కటి కొట్టి వెనక్కి తీసెయ్. రెండో దెబ్బకు ఆశపడకు."

ఇద్దరూ తలెత్తి చూశారు. "సార్, మీరాడతారేటి?"

"లేదు" అని లేచిపోయాను. కుళాయి కింద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నుంచున్నాను. ఆ మాటలు నావి కావు. మా అక్కవి.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వస్తే నాన్న గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి వచ్చాడు. టౌన్‌షిప్పు క్వార్టర్లలో కింది వాటా మాది. సాయంత్రాలు ప్లాంటు వైపు ఆకాశం ఉన్నట్టుండి ఎర్రబడేది. కరిగిన చిట్టెం, అంటే ఇనుము తీశాక మిగిలే తుక్కు, పారబోస్తున్నారనేవాడు నాన్న. ఆ వెలుగులో పిల్లలందరం వీధిలో పరిగెత్తేవాళ్ళం. అక్క మాత్రం గుమ్మంలో కూర్చుని ఎవరు ముందొచ్చారో చెప్పేది. తగువొస్తే ఆమె మాటే చివరి మాట.

ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు గొంతు నొప్పి వచ్చింది. తర్వాత మోకాళ్ళు వాచాయి. వాపులు తగ్గాయి గానీ ఆ జ్వరం పోతూ పోతూ గుండెలో ఒక వాల్వును పాడుచేసి పోయింది. పరిగెత్తకూడదు, మేడమెట్లు ఎక్కకూడదు, ఇరవై ఒక్క రోజులకోసారి ఇంజక్షను. దాని కోసం నాన్న సెలవు పెట్టి స్కూటరు మీద మా ఇద్దర్నీ నగరంలోకి తీసుకెళ్ళేవాడు. నేను ముందు నుంచునేవాణ్ణి, అక్క వెనక కూర్చునేది. ఆ మందు చిక్కగా ఉండేదట, ఎక్కినంతసేపూ మంటేనట. అక్క ఏడ్చేది కాదు. నా చెయ్యి పట్టుకుని నొక్కేది. ఇంజక్షను ఆమెకైనా నా వేళ్ళు రెండు రోజులు నొప్పి పెట్టేవి.

ఆ బాధ మరిపించడానికి నాన్న తిరుగు దారిలో మమ్మల్ని పాతబస్తీలో ఒక కొట్టుకు తీసుకెళ్ళేవాడు. ఓడల మీద వచ్చిన సామాను అమ్మే కొట్టది. రంగురంగుల సబ్బులు, దుప్పట్లు, టేపురికార్డర్లు, గోడ నిండా గడియారాలు. ఒక గడియారం చెప్పిన టైము ఇంకొకటి చెప్పేది కాదు. లోపలికి అడుగుపెడితే విదేశీ సబ్బు వాసన, దాని వెనకే హార్బరు నుంచి ఎండు చేపల వాసన. ఎర్రటి ఖనిజం దుమ్ము ఎంత తుడిచినా అద్దాల మీద పల్చగా పేరుకునేది. యజమానిని నాన్న 'భాయ్' అనేవాడు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. మేము వెళ్ళగానే ఆయన ఎదురు హోటల్నుంచి ఖీమా సమోసాలు తెప్పించేవాడు. మా ఇంట్లో మాంసం ముట్టరు. నాన్న రోడ్డు వైపు తిరిగి నుంచుని మమ్మల్ని తిననిచ్చేవాడు. "అమ్మకు చెప్పకండి" అన్నది ఆ కొట్లో మా మధ్య ఉన్న మొదటి ఒప్పందం.

అక్కడే ఒక ఇంజక్షను రోజున అక్కకు ఆ ఆటమిషను దొరికింది. సబ్బు పెట్టెంత ఉంటుంది, చేతిలో పట్టుకుని ఆడుకోవాలి. అచ్చం అలాంటిదే భాయ్ కొడుకు దగ్గరా ఉంది. అతనిది అక్క వయసే. రెండు మిషన్లకూ మధ్య ఒక తీగ తగిలిస్తే ఒకరి జంతువులతో ఇంకొకరి జంతువులు పోరాడతాయి.

అక్క ఎంచుకున్నది నక్కపిల్లలాంటి ఒక బక్కప్రాణిని. చెవులు వెనక్కి వాల్చి ఎప్పుడూ ఉరకడానికి సిద్ధంగా ఉన్నట్టుండేది. దానికి 'బేగి' అని పేరు పెట్టింది. బేగి అంటే మా వైపు తొందరగా అని. మా అమ్మ గోదావరి మాట వదలని మనిషి. "బేగి ఏంటే, ఏటి ఏంటే! మీ ఇద్దరి మాటా చెడిపోయింది" అని గొణిగేది. వంటింట్లో పనసపొట్టు కూరలో ఆవ కలుపుతూ ఆమె తిడుతుంటే, ఆ ఘాటుకు కళ్ళు తుడుచుకుంటూ మేము బేగికి యుద్ధం నేర్పేవాళ్ళం.

మిషనుకు పెన్సిల్ సెల్లులు రెండు కావాలి. అవి అయిపోతే ఎండలో పెట్టి వెచ్చచేసేవాళ్ళం. అప్పటికీ పనిచెయ్యకపోతే గోడ గడియారంలోవి పీకేవాళ్ళం. ఒకసారి అలా గడియారం ఆగిపోయి నాన్న డ్యూటీకి గంట ఆలస్యంగా వెళ్ళాడు. ఆ సాయంత్రం ఇద్దర్నీ గోడవైపు నిలబెట్టాడు. అయిదు నిమిషాలకే అక్కకు ఆయాసం వచ్చినట్టుంది, కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కుర్చీలో కూర్చుని, గోడకేసి చూస్తూ, నాతో గుసగుసగా అంది. "ఆ భాయ్ కొడుకు తాబేలుని ఎలా పడగొట్టాలో తెల్సిందిరా."

ఆ ఆటలో వేళ్ళ వేగంతో పని లేదు. ఎవరి వంతు వాళ్ళు ఆలోచించి నొక్కేదాకా ఆట ఆగుతుంది. ఇద్దరూ నొక్కాక, ఏ జంతువు వేగమైనదైతే అది ముందు కొడుతుంది. బేగి ఎప్పుడూ ముందే కొట్టేది. కానీ దాని ఒళ్ళు గాజు. తిరిగి ఒక్క దెబ్బ తగిలితే అయిపోయినట్టే.

"బేగి కొట్టడం కాదురా గొప్ప. ఎదుటోడు తప్పు సెయ్యాల" అనేది అక్క. మేమిద్దరమే ఉన్నప్పుడు ఆమె మాట పూర్తిగా వీధి మాటే. ఒక పొడుగు నోటుపుస్తకంలో అన్నీ రాసేది. బేగిని ఎప్పుడు దింపాలి, కొట్టి ఎప్పుడు వెనక్కి లాగాలి, ఎదుటివాడు దెబ్బకు కాచుకుంటాడనిపిస్తే కొట్టకుండా ఎప్పుడు ఊరుకోవాలి. బేగికి ఆమె ఒక తాయెత్తు కట్టింది. అది ఉంటే ఎంత పెద్ద దెబ్బ తగిలినా ఒకసారికి ఒక్క చుక్క ప్రాణం మిగులుతుంది. బేగికి ఒక దెబ్బ ఉంది, తన ప్రాణం ఎంత తగ్గితే అది అంత బలంగా తగులుతుంది. ఆ రెంటినీ కలిపితే ఏమవుతుందో భాయ్ కొడుకుకు చాలా కాలం అర్థం కాలేదు. బేగిని చావగొట్టానని అతను చంకలు గుద్దుకునే సమయానికి ఆ ఒక్క చుక్కతో బేగి అతని ఏనుగునో ఎలుగునో కూల్చేసేది.

"యా అల్లా! మీ అక్క బుర్రలో ఏటుందిరా ఛోటే?" అనేవాడు నాతో. నన్ను ఛోటే, అంటే చిన్నోడా, అనేవాడు. ఓడిపోయిన ప్రతిసారీ అక్కకు ఒక విదేశీ చాక్లెట్టు ఇచ్చేవాడు. ఆమె సగం విరిచి నాకిచ్చేది. ఇంజక్షను తీసుకున్న కాలు చాపుకుని, ఓడ తాడు చుట్ట మీద కూర్చుని ఆడే అక్కను ఇప్పుడు తలుచుకుంటే నాకు ఆయాసం గుర్తు రాదు. ఆ నవ్వే గుర్తొస్తుంది.

అక్కకు పదునాలుగేళ్ళు వచ్చిన వేసవిలో వాల్వు మార్చక తప్పదన్నారు డాక్టర్లు. అక్కను చేర్చిన ఆసుపత్రి నుంచి భాయ్ కొట్టుకు నడిచి పది నిమిషాలు. అమ్మ వార్డులో ఉంటే నేనూ నాన్నా బయట వరండాలో ఉండేవాళ్ళం. పరీక్షలకు అక్కను అటూ ఇటూ తిప్పుతున్నప్పుడు మిషను నా దగ్గర ఉండేది.

ఆపరేషనుకు ముందు రోజు మధ్యాహ్నం నాకు తోచక కొట్టుకు వెళ్ళాను. భాయ్ కొడుకు ఒక్కడే ఉన్నాడు. అతని మిషనులో కొత్తది ఒకటి కనబడింది. తెర పట్టనంత రెక్కలతో, నోటి నుంచి నిప్పు కక్కే జంతువు. అలాంటిది నేను ఎక్కడా చూడలేదు.

"ఇది కావాలేటి? ఆ నక్కనిచ్చేయ్, ఇచ్చేత్తాను" అన్నాడు.

అక్క సంతోషిస్తుందని చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నాకు ఆ రెక్కల జంతువు కావాలనిపించింది, అంతే. తీగ తగిలించాం. బేగి తెర మీద చిన్న చుక్కై తీగలోకి జారిపోయింది. అటునుంచి రెక్కలది వచ్చింది. దాన్ని చూసుకుంటూ ఆసుపత్రికి ఎలా నడిచానో కూడా తెలియలేదు.

సాయంత్రం అక్క మిషను అడిగింది. ఇచ్చి కిటికీ దగ్గరికి పోయి నుంచున్నాను. కాసేపటికి పిలిచింది.

"బేగి ఏదిరా?"

"మార్చీసాను. దాని బదులు అది వచ్చింది. సూడు, ఎంత పెద్దదో!"

అక్క తెరకేసి చూసింది. "బాగుందిరా. పెద్దదే" అంది. ఇంకాసేపాగి, "తాయెత్తు కూడా దాంతోపాటే పోయిందా?" అంది. నేను తలూపాను. ఆమె మిషను ఆపి దిండు కింద పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది.

పొద్దున్న నర్సు ఆమెకు స్నానం చేయించడానికి తీసుకెళ్ళినప్పుడు దిండు కింద నుంచి మిషను తీసుకుని ఎవరికీ చెప్పకుండా బయటపడ్డాను. పది గంటలకు లోపలికి తీసుకెళ్తారని నాన్న ఎవరితోనో అనడం విన్నాను. తొమ్మిదికి ముందే వచ్చెయ్యొచ్చు అనుకున్నాను.

భాయ్ కొడుకు అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. "నీది నీకిచ్చేత్తాను, బేగినిచ్చేయ్" అన్నాను.

అతను నవ్వాడు. "మార్పిడంటే మార్పిడే ఛోటే. నిన్న మోజుపడి తీసుకుని, ఇయ్యాల వద్దంటే ఎలాగ?" నా ముఖం చూసి మళ్ళీ అన్నాడు. "సరే, ఒక పని సెయ్. ఆడి గెలువు. గెలిస్తే ఇచ్చేత్తాను. రెండేసితో ఆడదాం. నావి బేగి, తాబేలు."

ఆ రోజు ఏ రోజో నేను అతనికి చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. చెబితే బతిమాలినట్టుంటుందనిపించింది. అక్క తమ్ముణ్ణి కదా, గెలిచే తీసుకెళ్తాననుకున్నాను.

ముందు రెక్కలదాన్ని దింపాను. అతను బేగిని దింపాడు. నా తెర మీద అటువైపు బేగి, చెవులు వెనక్కి వాల్చి, నా మీదికి. ముందు అదే కొట్టింది. నా రెక్కలది తిరిగి నిప్పు కక్కింది. బేగికి ఒక్క చుక్క మిగిలింది. తాయెత్తు సంగతి అతను మరిచిపోయాడో, అది బేగితోపాటే వచ్చిందని తెలియదో, "అరె, బతికీసింది!" అని ఎగిరాడు. మరుసటి వంతులో ఆ ఒక్క చుక్కతో బేగి కొట్టిన దెబ్బకు రెక్కలది కూలిపోయింది. అక్క ఎత్తు. నా మీదే.

ఇక నా దగ్గర మిగిలింది అక్క పెంచిన ఒక కప్ప. అక్క నోటుపుస్తకం చివరి పేజీ గుర్తొచ్చింది. 'బేగిని పడగొట్టాలంటే' అని తనే రాసుకుంది, ఎదుటివాడికి తెలిసిపోతే ఎలా అని. కప్పకు ఒక చిటికె దెబ్బ ఉంది. అందులో బలం ఏమీ లేదు. కానీ అది ఎంత వేగమైన జంతువుకంటేనైనా ముందే తగులుతుంది. నొక్కాను. కప్ప నాలుక చాచి చిటికె వేసింది. బేగి పక్కకు ఒరిగిపోయింది.

ఆటలో అవి చావవు, సొమ్మసిల్లుతాయి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా కళ్ళు తుడుచుకున్నాను.

తర్వాత తాబేలు వచ్చింది. నేను దానికి విషం పూశాను. అది డొప్పలోకి దూరింది. పైకొచ్చి కాస్త కోలుకునేది, మళ్ళీ దూరేది. అతను ప్రతి వంతుకూ తీరిగ్గా ఆలోచించాడు. అక్క దగ్గర నేర్చుకున్నాడు మరి. నేను గోడకేసి చూస్తే ఒక గడియారంలో ఎనిమిదిన్నర, ఒకదానిలో పన్నెండు, ఇంకొకదానిలో అయిదు. ఎన్ని వంతులు గడిచాయో తెలియదు. చివరికి తాబేలు డొప్పలోనే పడిపోయింది.

"షాబాష్ ఛోటే" అని అతను నా భుజం తట్టాడు. మాట తప్పలేదు. బేగి తీగలోంచి నా దగ్గరికి వచ్చేసింది. చాక్లెట్టు కోసం అతను పెట్టె వెతుకుతుంటే నేను పరిగెత్తాను. సమోసా బండ్ల మధ్య నుంచి, లారీల ముందు నుంచి, ఎవరెవరో తిడుతుంటే పరిగెత్తాను.

వార్డులో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. అమ్మ వరండా చివర గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎక్కడికి పోయేవురా?" అంది. గొంతులో కోపం లేదు. "నీ కోసం అడిగింది. తమ్ముడొచ్చేదాకా ఆగమని బతిమాలింది. పాపం వాళ్ళూ కాసేపు ఆగేరు."

నేను మిషను చూపించాను. అమ్మకు అర్థం కాలేదు. నన్ను దగ్గరికి లాక్కుని తల మీద చెయ్యి వేసింది.

ఆపరేషను బాగానే జరిగిందన్నారు. కానీ గుండె తేరుకోలేదు. చిన్నపిల్లల్ని ఆ గదిలోకి రానివ్వరు. అమ్మ లోపలికి వెళ్ళినప్పుడల్లా, "బేగి వచ్చీసిందని సెప్పవా" అని అడిగేవాణ్ణి. చెప్పానురా అనేది. అక్క కళ్ళు తెరిచిందా అంటే మాట మార్చేది. మూడో రోజు నాన్న బయటికి వచ్చి, నా పక్కన బెంచీ మీద కూర్చుని, తన రెండు చేతులూ చూసుకుంటూ ఉండిపోయాడు. నాకు తెలిసిపోయింది.

తర్వాత ఒక ఉదయం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని స్కూటరు బయటికి తీశాడు. నన్ను ముందు నిలబెట్టుకున్నాడు. అలవాటు దారినే వెళ్ళి, ఇంజక్షను వేసే ఆసుపత్రి గేటు ముందు ఆపాడు. ఇంజను ఆపకుండా కాసేపు అలాగే ఉన్నాడు. ఇంజక్షనుకు ఇక అక్క లేదని ఆయనకు అప్పుడు గుర్తొచ్చిందో, గుర్తుండే వచ్చాడో నేను అడగలేదు. అక్కణ్ణించి స్కూటరు కొట్టుకే వెళ్ళింది.

భాయ్ మమ్మల్ని చూసి స్టూళ్ళు వేశాడు. కొడుకు లోపలినుంచి మిషను పట్టుకుని వచ్చాడు. "మీ అక్క రాలేదేటి? ఈసారి తాబేలుకి కొత్త ఎత్తు నేర్పాను, సూపించాల" అన్నాడు.

నాన్న చెప్పాడు. ఆపరేషనుకు ఏ రోజు తీసుకెళ్ళిందీ, ఎన్ని గంటలకు తీసుకెళ్ళిందీ అన్నీ చెప్పాడు. భాయ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కొడుకు నా వైపు తిరిగాడు. లెక్క వేసుకుంటున్నట్టు అతని పెదాలు కదిలాయి.

"ఆ రోజేనా?" అన్నాడు. "నువ్వొచ్చిన రోజేనా?"

నేను తలూపాను.

"ముందే ఎందుకు సెప్పలేదురా?" నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. "సెప్తే ఆడకుండానే ఇచ్చేద్దును కదరా! గుమ్మంలోనే ఇచ్చేద్దును కదా!" అని ఏడ్చేశాడు. పదునాలుగేళ్ళవాడు, నా కంటే జానెడు పొడుగు, నా మెడ మీద తల పెట్టి ఏడ్చాడు. నాన్న మా ఇద్దరి వైపూ చూశాడు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఇంటికొచ్చాక అడిగాడు. చెప్పాను. ఆ తర్వాత మేము ఆ కొట్టుకు వెళ్ళలేదు.

అలాంటి కొట్లు ఇప్పుడు లేవు. ఓడ సామాను కోసం ఎవరూ పాతబస్తీకి వెళ్ళడం లేదు. భాయ్ పోయాడనీ, కొడుకు గాజువాకలో ఫోన్లు బాగుచేస్తున్నాడనీ ఎవరో చెప్పారు. నాకు ఆ ఫోన్ల కొట్టు ఎక్కడో తెలుసు. ఆ రోడ్డు మీదుగా ఎన్నోసార్లు వెళ్ళాను. ఆగలేదు.

మిషనును చాలా ఏళ్ళు బీరువాలో దాచాను. అప్పుడప్పుడూ తీసి బేగిని చూసేవాణ్ణి. యుద్ధానికి దింపేవాణ్ణి కాదు. నేను ఇంజనీరింగులో చేరే ముందు వేసవిలో ఒక మధ్యాహ్నం తీసి కొత్త సెల్లులు వేస్తే, తెర మీద ఆట మొదటినుంచి మొదలైంది. ఆటలో మనం దాచుకున్నవన్నీ ఒక బిళ్ళ బ్యాటరీ ఆధారంగా ఉంటాయని, అది పాతబడితే అన్నీ చెరిగిపోతాయని నాకు అప్పటిదాకా తెలియదు. బేగి లేదు. కప్ప లేదు. అక్క ఆడిన గంటల లెక్క లేదు. ఒక ముసలాయన బొమ్మ వచ్చి, నీ పేరేమిటి అని అడిగింది.

నేను అక్క పేరు కొట్టాను. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ. ముసలాయన ఆ పేరుతో పిలిచి, రా, నీ ప్రయాణం ఇప్పుడే మొదలవుతోంది అన్నాడు.

తర్వాతి మీట నొక్కలేకపోయాను. ఆపెయ్యబోతుంటే వెనక అమ్మ గాజుల చప్పుడు వినిపించింది. ఎప్పుడు వచ్చి నుంచుందో తెలియదు. నా భుజం మీదుగా వంగి తెర మీది అక్షరాల్ని కూడబలుక్కుని చదివింది.

"ఆపకురా" అంది. "కాసేపు ఉండనీ."

మంచం మీద మిషనుకు చెరోవైపూ కూర్చున్నాం. సెల్లులు అయిపోయేదాకా ఆ పేరు అలాగే వెలుగుతూ ఉంది.